కడవెండి కురుమ బిడ్డ దొడ్డి కొమురయ్య జీవితం – ఆషాఢంలో మంద కాళ్లు కాపాడుకునే తీరు

ప్రతి ఏడాది జూలై 4న దొడ్డి కొమురయ్య వర్ధంతి జరుపుకుంటున్నాం. ఊళ్లలో కురుమ, గొల్ల సంఘాల వారు ఆయన విగ్రహానికి దండ వేస్తారు. మన ప్రాంతంలో పొట్టేళ్లను మందలోకి వదిలే అదను కూడా సరిగ్గా ఇదే. వానలు పడి, పచ్చిక లేచి, గొర్రెలు ఎదకు వచ్చే కాలం ఇది. గిట్టల మధ్య బురద చేరి జీవాలు కుంటడం మొదలయ్యేదీ ఇప్పుడే. అందుకే ఈ వ్యాసంలో రెండు సంగతులు కలిపి ఇస్తున్నాం. మంద కాపరి ఇంట పుట్టి పందొమ్మిదేళ్లకే ప్రాణం ఇచ్చిన కొమురయ్య జీవితం మొదటిది. అలాంటి వాళ్ల వల్ల మనకు సొంతమైన మందను వానకాలంలో కాళ్ల జబ్బుల నుంచి కాపాడుకునే పద్ధతి రెండవది. జోగిపేట, అందోలు, పుల్కల్, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల చిన్న పెంపకందారులు ఇవి చదివి, చదువు రాని వారికి చదివి వినిపించగలరు.

పుట్టుక, కుటుంబం

దొడ్డి కొమురయ్య 1927 ఏప్రిల్ 3న కడవెండి గ్రామంలో కురుమ కుటుంబంలో పుట్టాడు. ఈ ఊరు ఇప్పుడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది. అప్పట్లో నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. గొర్రెలు కాచుకొని బతికే పేద ఇల్లు వారిది. ఆయన తోడబుట్టిన దొడ్డి మల్లయ్య కూడా తరువాత ఊరి సంఘంలో ముందుండి పనిచేశాడు. కొమురయ్య, మల్లయ్య అనే పేర్లు కొమురవెల్లి మల్లన్నను కొలిచే మన కురుమ, గొల్ల ఇళ్లలో ఈనాటికీ వినబడతాయి. ఇంటిపేరు దొడ్డి. మందను రాత్రి కట్టేసే చోటును మనం పిలిచే మాట అదే.

ఆ రోజుల్లో మన తెలంగాణ కాపరుల దగ్గర ఉన్నవి ఎక్కువగా దక్కని జాతి నల్ల గొర్రెలు. ఉన్ని ఇచ్చేవి, ఎండకు వానకు తట్టుకునేవి, రోజంతా నడిచి మేయగలిగేవి. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించి, వడికి, గొంగడి నేసేవారు. కాపరికి వానలో గొడుగు, రాత్రి పరుపు, చలికి దుప్పటి అన్నీ ఆ గొంగడే. చేలల్లో మంద కట్టి ఎరువు ఇస్తే రైతు గింజలు ఇచ్చేవాడు. పొలం లేని కాపరి ఇంటికి తిండి, బట్ట, నాలుగు డబ్బులు అన్నీ మంద నడక మీదే ఆధారపడి ఉండేవి. కాలు నొచ్చిన గొర్రె వెనకబడితే తోడేలు పాలయ్యేది, లేదా మేత అందక చిక్కిపోయేది. కాబట్టి సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు ఒక్కో జీవం నడకను చూసి లెక్కపెట్టడం కాపరికి పనిలో భాగం.

గడి పాలనలో కాపరి బతుకు

కడవెండి విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి అధికారం కింద ఉండేది. ఆయన చేతిలో సుమారు 60 గ్రామాలు, 40 వేల ఎకరాల భూమి ఉండేవని చరిత్రకారులు లెక్క చెప్పారు. కడవెండి గడిలో ఆయన తల్లి జానకమ్మ ఉండి ఊరి మీద పెత్తనం చేసేది. ఆమె పేరు చెబితేనే చుట్టుపక్కల జనం భయపడేవారు.

ఆ కాలంలో వెట్టి అంటే కూలి లేని పని మాత్రమే కాదు. ప్రతి వృత్తి వారూ తమ చేతిపనిని, తమ సరుకును దొర ఇంటికి ఊరికే ఇవ్వాలి. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, రైతు ముందు దొర పొలం దున్ని తరువాతే తన పొలానికి వెళ్లాలి. గొల్ల, కురుమలు గడిలో పండుగ అయినా, పెళ్లి అయినా, అధికారులు వచ్చినా మందలో నుంచి జీవాన్ని ఇచ్చుకోవాలి. దీనికి తోడు పశువులు, జీవాలు మేసినందుకు పుల్లరి కట్టాలి.

జీవాలు పెంచేవారికి దీని నష్టం ఎంతో వేరే చెప్పనక్కరలేదు. ముప్పై గొర్రెల మందలో ఒక గొర్రె పోతే ఒక ఈత పోయినట్టు. పోయింది విత్తనపు పొట్టేలైతే ఆ ఏడాది మొత్తం మంద ఈత దెబ్బతిన్నట్టు. అదను మీద పొట్టేలు లేకపోతే గొర్రెలు ఎదకు వచ్చి ఊరికే పోతాయి, పిల్లలు ఎండాకాలంలో పడి పాలు చాలక చనిపోతాయి. వెట్టిలో పోయే జీవం ఖరీదు సంతలో పలికే ధరతో తీరేది కాదు. కొమురయ్య పెరిగింది ఈ పరిస్థితుల్లోనే.

జోగిపేటలో మొదలైన సభ

కొమురయ్యకు ఇంకా మూడేళ్లు నిండకముందే, 1930 మార్చి 3 నుంచి మన జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి దానికి అధ్యక్షత వహించాడు. మాడపాటి హనుమంతరావు ఆ ప్రయత్నానికి వెన్నెముకగా నిలిచాడు. అక్కడే ఆడవారి సభ కూడా జరిగింది, దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. రాజ్యంలో తెలుగు మాట్లాడేవారికి తమ భాషలో సభ పెట్టుకోవడమే కష్టంగా ఉన్న రోజులవి. మొదట్లో ఈ సభ చదువు, గ్రంథాలయాలు, సంఘ సంస్కరణ గురించి ఎక్కువగా మాట్లాడింది. వచ్చినవారిలో చదువుకున్నవారు, వకీళ్లు, పెద్ద రైతులు ఎక్కువ.

తరువాతి ఏళ్లలో దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్, నిజామాబాద్ వంటి చోట్ల సభలు జరిగాయి. 1941లో చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాడు. 1944లో భువనగిరి సభ నాటికి మహాసభ పేద రైతుల వైపు పూర్తిగా తిరిగింది. వెట్టి పోవాలి, అక్రమ పన్నులు పోవాలి, కౌలుదారును భూమి నుంచి తోలేయకూడదు అన్నవి దాని ప్రధాన కోరికలయ్యాయి. జనం దానికి పెట్టుకున్న పేరు ఒక్కటే మాట, సంఘం. జోగిపేటలో కొద్దిమంది చదువరులతో మొదలైన సభ పద్నాలుగేళ్లలో గొర్రెల కాపరి గుడిసె దాకా వచ్చింది. మన ఊరి నుంచి కడవెండికి ఉన్న సంబంధం ఇదే.

సంఘంలో కొమురయ్య

ప్రపంచ యుద్ధం రోజుల్లో లెవీ ధాన్యం పేరిట చిన్న రైతుల గింజలు ఎక్కువగా గుంజారు. పెద్ద భూస్వాములు తప్పించుకుంటే, ఎకరం రెండెకరాల వారు తిండిగింజలు కూడా ఇచ్చుకోవలసి వచ్చింది. దీనితో సంఘం గ్రామగ్రామాన బలపడింది. విసునూరు దేశ్‌ముఖ్‌కు మొదటి పెద్ద ఎదురుదెబ్బ పాలకుర్తిలో తగిలింది. అక్కడ చాకలి ఐలమ్మ సాగుచేసుకుంటున్న భూమిని, పండిన పంటను ఆయన మనుషులు లాక్కోవాలని చూశారు. సంఘం కార్యకర్తలు ఆమె వెంట నిలబడి పంట కోసి ఇంటికి చేర్చారు. ఒక చాకలి ఆడమనిషి భూమిని దొర తీసుకోలేకపోయాడన్న వార్త చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకింది.

కడవెండిలో కూడా సంఘం ఏర్పడింది. కొమురయ్య, మల్లయ్య అందులో చేరారు. ఊరివారు వెట్టి చేయబోమని, అక్రమ వసూళ్లు ఇవ్వబోమని నిలబడ్డారు. తరాలుగా గడి ముందు చెప్పులు విడిచి వంగి నడిచిన ఊరు అది. అలాంటి ఊరిలో కురుమలు, చాకళ్లు, మంగళ్లు, మాదిగలు, చిన్న రైతులు ఒక్క మాట మీదికి వచ్చారు. గడికి ఇది మింగుడుపడలేదు. సంఘం నాయకుల మీద కేసులు, బెదిరింపులు, గూండాల దాడులు మొదలయ్యాయి.

1946 జూలై 4

ఆ రోజు ఆషాఢ మాసం, కార్తెల లెక్కన ఆరుద్ర. గడి మనుషులు సంఘం నాయకుల ఇళ్ల మీద దాడికి దిగారు. ఊరి జనం కర్రలు, వడిసెలలు పట్టుకొని బయటికి వచ్చారు. అందరూ ఊరేగింపుగా నినాదాలు చేస్తూ గడి వైపు నడిచారు. ముందు వరుసలో కొమురయ్య ఉన్నాడు. గడి దగ్గరికి చేరేసరికి లోపల కాచుకొని ఉన్న గూండాలు తుపాకులు పేల్చారు. గుండు కొమురయ్య కడుపులో దిగింది. ఆయన అక్కడే ప్రాణం విడిచాడు. మల్లయ్యతో పాటు మరికొందరు గాయపడ్డారు.

జనం చెదిరిపోలేదు. కాల్చినవారిని వెంటపడి తరిమారు, గడిని చుట్టుముట్టారు. పోలీసులు వచ్చేదాకా కదలలేదు. అప్పటికి కొమురయ్య వయసు పందొమ్మిదేళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలాదిగా వచ్చిన జనం ఆయన అంత్యక్రియల్లో నడిచారు.

ఆ చావు తరువాత

కొమురయ్య మరణాన్ని తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి నాందిగా చరిత్ర రాసుకుంది. ఆ వార్త చేరిన ఊరల్లా జనం ఊరేగింపులు తీశారు. ఒక ఊరివారు పక్క ఊరికి వెళ్లి సంఘం పెట్టించేవారు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో వెట్టి చేయడం ఆగిపోయింది. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు చట్టం, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చాయి. పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. నాలుగు వేల మంది వరకు ఈ పోరాటంలో ప్రాణాలు కోల్పోయారని చెబుతారు. ఆ వరుసలో మొదటి పేరు గొర్రెల కాపరి బిడ్డది.

మందలో జీవాన్ని అమ్ముకోవాలా, ఉంచుకోవాలా, ఏ పొట్టేలును విత్తనానికి నిలపాలి అని ఈ రోజు నిర్ణయించేది మందగల మనిషే. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో యూనిట్లు ఇచ్చినప్పుడు అవి నేరుగా కాపరి పేరు మీదే వచ్చాయి. గడికి ఇవ్వవలసిన వాటా ఇప్పుడు లేదు. కానీ మంద తరిగిపోవడానికి వేరే కారణాలు వచ్చాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టూ బంచరాయిలు కర్మాగారాలకు, ప్లాట్లకు పోయాయి. మేపు జాగా తగ్గి, మందలన్నీ ఒకే చెరువు శిఖంలో, ఒకే కాలువ గట్టున మేస్తున్నాయి. ఒక మందలో పుట్టిన కాళ్ల జబ్బు వారంలో పది మందలకు అంటుకోవడానికి ఇది ముఖ్య కారణం. ఇక్కడి నుంచి ఆ జబ్బు గురించి, దాన్ని ఆపే పద్ధతి గురించి తెలుసుకుందాం.

పొట్టేలు వదిలే ముందు కాళ్లు ఎందుకు చూడాలి

పొట్టేలు గొర్రెను దాటేటప్పుడు దాని బరువంతా వెనక కాళ్ల మీద పడుతుంది. వెనక గిట్ట నొప్పిగా ఉన్న పొట్టేలు ఎదలో ఉన్న గొర్రెను గుర్తించినా దాటదు. మంద వెంట నడవలేక నీడన పడుకుంటుంది. గొర్రె ఎద 24 నుంచి 36 గంటలు మాత్రమే ఉంటుంది. ఆ అవకాశం తప్పితే మళ్లీ 17 రోజులకు గాని ఎదకు రాదు. ఇలా రెండు ఎదలు తప్పితే ఈత నెల రోజులు వెనక్కి పోతుంది.

పొట్టేలులో వీర్యకణాలు తయారు కావడానికి సుమారు ఏడు వారాలు పడుతుంది. కాలి పుండు వల్ల జ్వరం వస్తే అప్పుడు తయారయ్యే వీర్యం దెబ్బతింటుంది. పుండు మానినా ఆ ప్రభావం కొన్ని వారాలు ఉంటుంది. కాబట్టి ఆషాఢంలో వదలబోయే పొట్టేలు కాళ్లను రోహిణి కార్తెకు ముందే చూసుకోవాలి.

కుంటే గొర్రె సరిగా మేయదు. బక్కచిక్కిన గొర్రె ఆలస్యంగా ఎదకు వస్తుంది, చూలు నిలవడం తగ్గుతుంది. చూలు కాలం సుమారు 150 రోజులు. జూలై మొదటి వారంలో కట్టిన గొర్రె డిసెంబరు మొదట్లో ఈనుతుంది. అప్పటికి మేత ఉంటుంది, పిల్లలు ఎండలు ముదిరే లోపు బలపడతాయి. అదను తప్పకుండా ఉండాలంటే కాళ్లు బాగుండాలి.

గిట్ట కుళ్లు వ్యాధి ఎలా వస్తుంది

దీనికి కారణం రెండు రకాల సూక్ష్మజీవులు. ఒకటి పేడలో, బురదలో ఎప్పుడూ ఉండేదే. తడికి గిట్టల మధ్య చర్మం నాని మెత్తబడితే అది లోపలికి చేరి చర్మాన్ని చెడగొడుతుంది. రెండవది జబ్బు ఉన్న గొర్రె గిట్టలోనే బతికేది. ఇది గిట్ట గోరు కిందికి దూరి గోరును లోపలి కండ నుంచి విడదీస్తుంది. ఈ రెండవ సూక్ష్మజీవిని ఆస్ట్రేలియాలో బెవరిడ్జ్ అనే శాస్త్రవేత్త 1941లో గుర్తించాడు. ఇది గిట్ట లోపల నెలల తరబడి ఉండగలదు కాని బయట నేల మీద రెండు వారాలకు మించి సాధారణంగా బతకదు. చిన్న పెంపకందారుకు ఈ ఒక్క సంగతి చాలా ఉపయోగం. జబ్బు జీవాలను వేరు చేసి, అవి తిరిగిన జాగాను రెండు వారాలు వదిలేస్తే నేల శుభ్రపడుతుంది.

గుర్తు పట్టే విధానం

- గొర్రె కాలు ఎత్తి నడవడం, మందలో వెనకబడడం.
- ముందు మోకాళ్ల మీద వంగి మేయడం.
- గిట్టల మధ్య చర్మం ఎర్రగా, తడిగా, వెంట్రుకలు ఊడి ఉండడం. ఇది మొదటి దశ.
- గోరు అంచు లేచి, కింద బూడిద రంగు జిగురు, భరించలేని దుర్వాసన. ఇది ముదిరిన దశ.
- పుండులో పురుగులు పడడం.

కుంటే ప్రతి గొర్రెకూ గిట్ట కుళ్లే ఉందనుకోకూడదు. తుమ్మ ముల్లు, రాయి, ఎండిన నల్లరేగడి మట్టి ఉండ గిట్టల మధ్య ఇరుక్కున్నా కుంటుతుంది. ముందు కాలు ఎత్తి, కడిగి, వేలితో తడిమి చూడాలి. ఒకేసారి చాలా గొర్రెలు కుంటుతూ, జ్వరంతో, నోటిలో బొబ్బలు ఉంటే గాలికుంటు కావచ్చు. పెదవులు, ముఖం వాచి, ముక్కు కారుతూ, గిట్ట పైభాగంలో ఎర్రటి చార ఉంటే నీలినాలుక వ్యాధి కావచ్చు. ఈ రెండింటికీ గిట్టలు ముంచే మందు సరిపోదు. వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సేవలు అందుతాయి.

గిట్టలు ముంచే తొట్టి

వరి పొలంలో చల్లే జింక్ సల్ఫేట్ ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది. 10 లీటర్ల నీటికి 1 కిలో చొప్పున కలపాలి. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న తొట్టిలో మూడు అంగుళాల లోతు నింపడానికి సుమారు 64 లీటర్ల నీరు, ఆరున్నర కిలోల మందు పడుతుంది. సిమెంటు తొట్టి లేకపోతే అదే కొలతతో గుంట తీసి మందపాటి టార్పాలిన్ పరచుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక తొట్టి చేసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

- ముందు గొర్రెలకు కడుపునిండా నీళ్లు తాగించాలి. దాహంతో ఉంటే మందు నీరు తాగుతాయి.
- గిట్టలకు అంటిన బురదను మామూలు నీటితో కడగాలి. బురద మీద మందు పనిచేయదు.
- నాలుగేసి గొర్రెలను 10 నుంచి 15 నిమిషాలు నిలబెట్టాలి. 21 జీవాల మందకు గంటన్నర పడుతుంది.
- మంచి కాళ్లవాటిని ముందు, కుంటేవాటిని చివర ముంచాలి.
- బయటికి వచ్చాక గంటసేపు పొడి నేల మీద నిలపాలి. వెంటనే తడి గడ్డిలోకి తోలితే చేసిన పని వృథా.
- జబ్బు ఉన్న మందకు వారానికి ఒకసారి చొప్పున మూడు నాలుగు వారాలు చేయాలి.

మైలుతుత్తం వాడే అలవాటు మన ఊళ్లలో ఉంది. 10 లీటర్లకు 500 గ్రాముల చొప్పున కలిపి వాడవచ్చు. కాని రాగి గొర్రెకు విషం. తాగితే ప్రాణం పోతుంది. కాబట్టి జింక్ సల్ఫేట్ దొరికినప్పుడు దాన్నే వాడడం మేలు. ఏ మందు నీరైనా పని అయ్యాక చెరువులో, వాగులో, మేపు జాగాలో పారబోయకూడదు. జీవాలు చేరని చోట గుంట తీసి పోయాలి.

గోళ్లు కత్తిరించడం

పొడవుగా పెరిగి వంగిన గోరును మాత్రమే, పొట్టేలు వదలడానికి ఆరు వారాల ముందు, కొద్దికొద్దిగా తీయాలి. రక్తం వచ్చేదాకా కోయకూడదు. పుండు ఉన్న గిట్టను లోతుగా చెక్కితే మానడం ఆలస్యమవుతుంది. ముందు జబ్బు తగ్గించి, తరువాత గోరు సరిచేయాలి. ఒక గొర్రెకు వాడిన కత్తిని మందు నీటిలో ముంచి తుడవకుండా మరో గొర్రెకు వాడకూడదు. తీసిన గోళ్లను ఏరి కాల్చేయాలి. ముదిరిన పుండుకు సూది మందు అవసరం. అది ఏ మందు, ఎంత మోతాదు అన్నది గొర్రె బరువు చూసి పశువైద్యుడే నిర్ణయించాలి. సూది వేయించిన జీవాన్ని ఆయన చెప్పిన గడువు తీరేదాకా కోతకు అమ్మకూడదు.

దొడ్డి, మేపు జాగ్రత్తలు

దొడ్డి ఎత్తు మీద ఉండాలి. నీరు బయటికి పారేలా వాలు ఉండాలి. పెద్ద గొర్రెకు కనీసం పది చదరపు అడుగుల జాగా చూడాలి. వానకాలానికి ముందు పాత పేడ తీసి, మొరం పోసి, సున్నం చల్లాలి. గేటు దగ్గర, నీళ్ల తొట్టి చుట్టూ ఎక్కువ బురద అవుతుంది కాబట్టి అక్కడ మొరం ఎక్కువ పోయాలి. పొద్దున్నే మంచు తడి ఆరక ముందు మందను విడవకూడదు. చెరువు శిఖంలో బురద ఉన్నన్నాళ్లు గట్టు మీద, మెరక మీద మేపాలి. నక్కవాగు వంటి, పరిశ్రమల నీరు కలిసే వాగుల్లో జీవాలను తాగించవద్దు, దాటించవద్దు.

సంతలో కొన్న జీవాన్ని ఆ రోజే మందలో కలపవద్దు. ముఖ్యంగా కొత్త పొట్టేలును మూడు నాలుగు వారాలు వేరుగా కట్టి, నాలుగు కాళ్లు చూసి, రెండుసార్లు మందు నీటిలో నిలిపి, అప్పుడే వదలాలి. ఇరవై గొర్రెల మందకు ఉన్న ఒక్క పొట్టేలు జబ్బు మోసుకొస్తే మంద మొత్తానికి అంటిస్తుంది. రెండు మూడుసార్లు వైద్యం చేసినా తిరగబెట్టే గొర్రెను మందలో ఉంచుకోవద్దు. దాని పిల్లలను విత్తనానికి నిలపవద్దు.

కార్తెల వారీగా పని

- మే మధ్యలో, కృత్తిక కార్తె: పొట్టేలు, గొర్రెలు అన్నిటి కాళ్లు చూడడం, పెరిగిన గోళ్లు తీయడం, కుంటేవాటిని వేరు చేయడం.
- రోహిణి: దొడ్డి శుభ్రం, మొరం, సున్నం. మొదటిసారి గిట్టలు ముంచడం. కొత్త పొట్టేలు కొనాలంటే ఇప్పటికే కొని వేరుగా కట్టాలి.
- మృగశిర: తొలకరికి రెండోసారి ముంచడం. పొట్టేళ్లకు, గొర్రెలకు రోజుకు 250 గ్రాముల దాణా మొదలుపెట్టి రెండు మూడు వారాలు ఇవ్వడం. టీకాల గురించి పశువైద్యశాలలో అడగడం.
- ఆరుద్ర: మరోసారి కాళ్లు చూసి పొట్టేలును వదలడం. పాతిక ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు చాలు. లేత పొట్టేలైతే గొర్రెలను తగ్గించాలి.
- పొట్టేలు మందలో ఉన్నన్నాళ్లు: రోజూ సాయంత్రం దాని నడక చూడడం. కుంటితే ఆ రోజే పట్టి చూసి, వేరే పొట్టేలును వదలడం.

కడవెండిలో కాల్పులు జరిగిన జూలై 4 మన లెక్కలో ఆరుద్రలోనే వస్తుంది. ఈసారి కొమురయ్యకు దండ వేయడానికి ఊరి కాపరులంతా కూడినప్పుడు, అదే రోజు ఒక తొట్టి కట్టుకొని అన్ని మందలనూ వరుసగా ముంచే ఏర్పాటు చేసుకోండి. ఒక్క మందను ముంచి పక్క మందను వదిలేస్తే జబ్బు పోదు. ఊరి మందలన్నీ కలిసి చేస్తేనే ఫలితం ఉంటుంది.